గంట మోగిందా?

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. మొన్నమొన్నటిదాకా నా బుర్రలో ఉన్న న్యాయశాస్త్రం ఇంతే: కోర్టులో ముద్దాయికి పిచ్చి అని తేలితే కేసు కొట్టేస్తారు, వాడు తర్వాతి బస్సెక్కి ఇంటికొచ్చేస్తాడు. పాలిటెక్నిక్‌లో మాకు ఏ వైరు ఎక్కడ కలపాలో, ఎక్కడ కలిపితే పొగొస్తుందో చెప్పారు గానీ ఇది చెప్పలేదు. కేసు కొట్టేశాకే అసలు కథ మొదలవుతుందని ఈ కథ విన్నాకే తెలిసింది. ఇక నా గొడవ ఆపి అందులోకి వస్తాను.

పందొమ్మిదొందల అరవై రెండో సంవత్సరం. సముద్రపుటొడ్డున ఒక సర్కారు మానసిక వైద్యశాల. ఊళ్ళో దాన్ని పిచ్చాసుపత్రి అనేవారు. రిక్షావాళ్ళయితే ఆ పేరు చెప్పగానే ఎక్కినవాణ్ణి ఓసారి తేరిపార చూసి, డబ్బులు ముందే ఇమ్మనేవారు. అందులో పనిచేసే డాక్టరు జయరాజుకి కూడా ఈ మర్యాద రోజూ జరిగేది.

జయరాజుది నరసరావుపేట. తండ్రి మిషన్ బడిలో లెక్కల మేష్టారు. కొడుకు బెంగుళూరు వెళ్ళి మనసు జబ్బుల చదువు చదివొచ్చాడని ఆయన సంతోషపడ్డాడు. తల్లి ప్రేమమ్మకి మాత్రం ఆ సంతోషం పూర్తిగా ఎక్కలేదు.

"పిచ్చాసుపత్రి డాక్టరంటే పిల్లనెవరిస్తార్రా? కనీసం పళ్ళ డాక్టరువన్నా కాకపోతివి," అనేది వెళ్ళినప్పుడల్లా.

జయరాజు చూసే వార్డుకి ఎత్తయిన గోడ ఉండేది, తలుపుకి ఎప్పుడూ తాళం. నేరం చేసినా, మతి సరిగా లేనప్పుడు చేశారని కోర్టు తేల్చినవాళ్ళు అందులో ఉండేవారు. జైల్లో ఖైదీకి విడుదలయ్యే తేదీ ఒకటుంటుంది, గోడ మీద గీతలు గీసుకుంటూ బతికేస్తాడు. వీళ్ళకి అదీ లేదు. ఈ మనిషి వల్ల ఇక ప్రమాదం లేదని డాక్టరు చెప్పాలి. అప్పుడప్పుడూ వచ్చే విజిటర్ల కమిటీ ఒప్పుకోవాలి. ఆ పైన, ‘ఇతన్ని నేను చూసుకుంటాను’ అని బయటినుంచి చుట్టమో స్నేహితుడో వచ్చి పూచీ పడాలి. మొదటి రెండూ మందులతోనో మాటలతోనో నెట్టుకురావచ్చు. మూడోదాని దగ్గరే చాలామంది బండి ఆగిపోయేది.

ఇన్నయ్య బండి కూడా అక్కడే ఆగింది.

ఇన్నయ్య పల్నాడులో నాపరాళ్ళు తీసే మనిషి. అరచేతులు ఇంకా ఆ రాళ్ళలాగే గరుగ్గా ఉండేవి. ఆసుపత్రిలో తోటపని చేసేవాడు. గొడవ లేదు, కోపం లేదు, మాత్రలు చేతిలో పెడితే నీళ్ళు కూడా అడక్కుండా మింగేసేవాడు. అతనికున్న వింత అలవాటు ఒక్కటే. భోజనాల గంట కొట్టినప్పుడల్లా, ఒక్కోసారి కొట్టనప్పుడు కూడా, చేతిలో పని ఆపి, తల ఎడమ పక్కకి వంచి, వార్డరు మీరా సాహెబుని అడిగేవాడు.

"అన్నా, గంట మోగిందా?"

"మోగింది. పద, పప్పు చల్లారిపోద్ది," అనేవాడు మీరా సాహెబు. మోగకపోతే, "లేదు. ఇంకా పప్పే ఉడకలా," అనేవాడు. ఇన్నయ్య "సరే" అని మళ్ళీ పనిలో పడేవాడు.

ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఇది నచ్చేది కాదు. "ఇన్నేళ్ళయినా గంట గోల పోలేదు గదయ్యా. ఇతనికి తగ్గిందని కమిటీకి ఎలా చెప్తావు?"

"జబ్బు ముదిరినవాడు అడగడు సార్, వాదిస్తాడు. ‘మోగింది, మీకే చెవుడు’ అంటాడు. ఇతను అడుగుతున్నాడు. విన్నాక ఊరుకుంటున్నాడు."

అది జయరాజు నేర్పిందే. వినపడటం నీ చేతిలో లేదు, అడగటం నీ చేతిలో ఉంది అని చెప్పీ చెప్పీ అలవాటు చేశాడు. ఆ మాటకి ఇన్నయ్య మొదట్లో నవ్వాడు. తర్వాత పట్టుకున్నాడు. పట్టుకున్నది ఇక వదల్లేదు.

"బాగానే ఉందయ్యా," అన్నాడు సూపరింటెండెంటు. "ముందు ఇతన్ని తీసుకెళ్ళే మనిషిని పట్టుకురా. లేకపోతే ఇతను ఇక్కడే ముసలివాడైపోతాడు, మనం మంచి తోటమాలి దొరికాడని సంబరపడతాం."

ఊరికి ఉత్తరాలు వేస్తే జవాబు రాలేదు. అందుకని జయరాజు సెలవు పెట్టి, నరసరావుపేటలో అమ్మ చేతి అన్నం తిని, ఆమె చెప్పిన పెళ్ళి సంబంధం సగం విని, మాచర్ల రైలెక్కాడు.

గురజాల దాటాక ఒక ఊళ్ళో దిగాడు. ఊరి పేరు చెప్పను, వాళ్ళు నా మీదికొస్తారు. చాలావరకు రోమన్ కత్తోలికుల ఊరు. ఇళ్ళకి, దొడ్లకి, చివరికి గేదెల కొట్టానికి కూడా నాపరాళ్ళే. ఇన్నయ్య భార్య ఫిలోమినా కల్లంలో మిరపకాయలు తిరగేస్తోంది. ఆ ఘాటుకి జయరాజు పలకరించే ముందే దగ్గడం మొదలుపెట్టాడు.

"కొత్తోళ్ళని దగ్గుతోనే పసిగడతాం," అంది ఆమె. తనెవరో జయరాజు చెప్పాక ఆమె మొహంలో నవ్వు పోయింది. "బాగయ్యాడా?"

"చాలావరకు."

"చానావరకంటే ఏంది డాక్టరయ్యా? కుండ చానావరకు పగల్లేదంటే నీళ్ళు పోస్తావా?"

జయరాజుకి బెంగుళూరులో ఇంత గట్టి ప్రశ్న ఏ ప్రొఫెసరూ వేయలేదు. కాసేపు దగ్గి, ఆ సందులో ఆలోచించుకున్నాడు.

"నీళ్ళు ఆగుతున్నాయమ్మా. కానీ అతుకేసిన కుండ. మందు ఆపకూడదు. అడుగున తడి కనపడితే, తడి ఉందని చెప్పే మనిషి పక్కనుండాలి."

ఫిలోమినా మిరపకాయల్ని ఇంకాస్త తిరగేసింది. "నేనైతే తెచ్చుకుంటా. మా అన్నదమ్ములు వద్దంటన్నారు. వాళ్ళ సంగతి నేను చూసుకుంటా. ఊరు ఒప్పుకోవాల గదా? నా ఒక్కదాని మాట మీద మీ కోర్టోళ్ళు పంపిస్తారా?"

పంపరు. ఇన్నయ్య మీదున్నది హత్యాయత్నం కేసు. దెబ్బ తిన్న మనిషి అదే వీధిలో ఉన్నాడు. ఊరు వద్దంటే కమిటీ వద్దంటుంది.

సాయంత్రం ప్రార్థన అయ్యాక గుడి ముందు అందరూ కూర్చున్నారు. ఫాదరు లేని రోజుల్లో ప్రార్థన నడిపే ఉపదేశి గురవయ్య ముందు మాట్లాడాడు.

"మీరు మన ఆర్సీయమ్మేనా బాబూ, కత్తోలికులేనా?"

"బాప్టిస్టులమండీ. నరసరావుపేట."

"పోనీలే," అన్నాడు గురవయ్య, క్షమించేసి. "అయితే మా గంట సంగతి మీకు తెలియదు. చెప్తా."

చెప్పాడు. ఈస్టరుకి ముందు గురువారం సాయంత్రం ఆపిన గంట మళ్ళీ పండగ పూజలోనే మోగుతుంది. మధ్యలో ప్రార్థనకి పిలవాలంటే రెండు చెక్కలు టకటకా కొట్టుకుంటూ వీధులు తిరుగుతారు. ఎవరు చచ్చినా, ఎవరు పుట్టినా అంతే. ఇన్నయ్య తల్లి సరిగ్గా గుడ్ ఫ్రైడే నాడు పోయింది. ఆ ఊళ్ళో చావుగంట లేకుండా మట్టికి పోవడమంటే దిక్కులేని చావు కింద లెక్క. గుడి గంట కొట్టే ఆరోగ్యస్వామి కాళ్ళ మీద పడ్డాడు ఇన్నయ్య. ఒక్కసారి కొట్టు బాబాయ్ అన్నాడు. కట్టుబాటు తప్పకూడదని ఆరోగ్యస్వామి కొట్టలేదు. చెక్కల చప్పుడుతోనే ఆమెని పాతిపెట్టారు.

"కొన్నాళ్ళకి మొదలైంది," అన్నాడు గురవయ్య. "పొద్దున్నా మాపూ గంట మోగతందంటాడు. అన్నం తినడు, క్వారీకి పోడు. అందర్నీ అడుగుతాడు."

"అడిగితే మీరేం చెప్పేవాళ్ళు?" అన్నాడు జయరాజు.

"మోగిందనే చెప్పేవాళ్ళం. మీ అమ్మకే మోగిందిరా, పోయి పడుకో అనేవాళ్ళం. మతి చెడినోడి మాట కాదనకూడదు గదయ్యా! కాదంటే ఇంకా రేగుద్ది."

"నేనూ అట్టనే చెప్పా," అందో ముసలమ్మ. "నేనూ," అన్నాడు ఇంకొకాయన. ఎంత మెత్తగా చెప్పారో ఒకరితో ఒకరు పోటీపడి చెప్పుకున్నారు. అందులో కపటం లేదు. వాళ్ళ మనసులో అది దయే.

"ఇప్పుడు కూడా ఆలోచించాం," అన్నాడు గురవయ్య ఉత్సాహంగా. "వాడొస్తే గంటకి గోనె చుట్టేద్దాం. ఏడాది పొడుగూతా చెక్కలే. మా బిడ్డ కోసం ఆమాత్రం చెయ్యలేమా?"

జనం తలలూపారు. ఫిలోమినా ముఖం కూడా కాస్త వెలిగింది. జయరాజుకి మాత్రం లోపల ఏదో తట్టింది.

"మోగలేదు అని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరా?"

గంట స్తంభం కింద మెట్టు మీద, అందరికీ దూరంగా కూర్చున్న మనిషి గొంతు సవరించుకున్నాడు.

"నేనున్నా."

ఆయనే ఆరోగ్యస్వామి. కుడిభుజం కిందకి జారినట్టుంది. చుట్ట ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"గునపం పట్టుకొచ్చి అడిగాడు. మా అమ్మకి కొట్టమంటే కొట్టలా, ఇప్పుడు నన్ను ఏడిపించను రోజూ కొడతన్నావా బాబాయ్ అన్నాడు. ఒరేయ్, మోగలేదురా, తాడు నా కాడే ఉంది, నా పిల్లల మీద ఒట్టు అన్నా. ఊరంతా మోగిందంటే నేనొక్కణ్ణి లేదంటన్నా. వాడు ఎవర్ని నమ్మాల? ఏసేశాడు." చుట్ట పీల్చి వదిలాడు. "వాడి కాడ నేనే అబద్ధాలకోరుని."

గురవయ్య తన కండువా అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

జయరాజు లేచి వెళ్ళి ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. "గోనె వద్దండి," అన్నాడు అందరికీ వినపడేలా. "బయట గంట మోగకపోతే అతనికి లోపలి గంట ఒక్కటే మిగులుతుంది. దేంతో పోల్చి చూసుకుంటాడు? గంట మోగాలి. అతను అడిగినప్పుడు, మోగితే మోగిందని, లేకపోతే లేదని చెప్పాలి. దయ చూపించకుండా చెప్పాలి." ఆరోగ్యస్వామి వైపు తిరిగాడు. "మోగిందో లేదో అందరికన్నా బాగా తెలిసేది తాడు పట్టుకున్నవాడికే గదా. మీరు పూచీ పడితే కమిటీ కాదనదు."

ఆరోగ్యస్వామి నవ్వాడు. నవ్వితే కూడా ఆ భుజం కదల్లేదు. "నా భుజం ఇరగ్గొట్టినోణ్ణి నేనే పోయి తెచ్చుకోవాలా? ఏందయ్యా, బాప్టిస్టులందరూ ఇట్టనే మాట్లాడతారా, నువ్వొక్కడివేనా?"

"నేనొక్కణ్ణే. మా అమ్మ కూడా ఇదే అంటుంది."

"మాటిచ్చేది లేదు," అన్నాడు ఆరోగ్యస్వామి. "ఒకసారి వాణ్ణి చూస్తా. చూశాక చెప్తా."

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే ఫిలోమినా, ఆరోగ్యస్వామి ఆసుపత్రి గేటు దగ్గర దిగారు. రిక్షావాడు వాళ్ళనీ తేరిపార చూశాడు. "ఏందిరా చూస్తన్నావు, మేం ఉండటానికి రాలా," అని ఆరోగ్యస్వామి గదమాయించాడు.

లోపల ఆసుపత్రంతా ఇన్నయ్యకి పాఠం చెబుతోంది. "గంట వినపడతందా అంటే లేదను. అంతే," అన్నాడు మీరా సాహెబు, అతనికి చొక్కా గుండీలు పెడుతూ. ఫిలోమినా కిటికీ చువ్వల్లోంచి, "అయ్యా, ఒక్కమాట. లేదని చెప్పు, ఇంటికి పోదాం," అని బతిమాలింది. సూపరింటెండెంటు జయరాజుని పక్కకి పిలిచాడు.

"నువ్వు చెబితే వింటాడయ్యా. చిన్న ‘లేదు’. ఆ ఒక్క ముక్కతో గేటు తెరుచుకుంటుంది."

జయరాజుకి చెప్పాలనే ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఊరంతా కలిసి ఇన్నయ్యకి చేసింది అదే కదా, మంచి కోసం చెప్పిన అబద్ధం. ఇప్పుడు తను కూడా ఒకటి చెప్పిస్తే, రేపు ‘మోగలేదు’ అన్న మాటని ఇన్నయ్య ఎందుకు నమ్మాలి? ఏమీ చెప్పలేదు.

కమిటీ గదిలో పొడుగు బల్ల వెనక జిల్లా జడ్జీ, ఇద్దరు అధికారులు. ఇన్నయ్య నిలబడ్డాడు. గుమ్మం దగ్గర ఫిలోమినా, ఆమె వెనక ఆరోగ్యస్వామి. ఇన్నయ్య ఆయన్ని చూశాడు, ఆ భుజాన్ని చూశాడు. తల వంచుకున్నాడు.

జడ్జీ బక్కపలచని మనిషి, గొంతు నెమ్మది. "గంట ఇంకా వినపడుతుందా?"

మీరా సాహెబు కళ్ళు మూసుకున్నాడు.

"అప్పుడప్పుడూ వినపడుద్ది దొరా," అన్నాడు ఇన్నయ్య.

ఒక అధికారి కలం బల్ల మీద పెట్టేశాడు. ఫిలోమినా కొంగు నోట్లో కుక్కుకుంది.

"అప్పుడేం చేస్తావు?"

"పక్కనోణ్ణి అడుగుతా. లేదంటే ఊరుకుంటా."

"ఊరుకోగలవా? ముందొకసారి ఊరుకోలేదు కదా."

జయరాజు చూస్తూనే ఉన్నాడు. ఇన్నయ్య తల మెల్లగా ఎడమ పక్కకి వంగింది. ఆసుపత్రి అంతా నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడేనా, ఇక్కడేనా అనుకున్నాడు జయరాజు.

ఇన్నయ్య బల్లని వదిలేసి గుమ్మం వైపు తిరిగాడు.

"బాబాయ్," అన్నాడు. "గంట మోగిందా?"

ఆరోగ్యస్వామి ఎడమచెయ్యి, తనకి తెలియకుండానే, కుడిభుజాన్ని పట్టుకుంది. ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు. ఆ మాటే, ఆ మనిషే. పోయినసారి నిజం చెప్పినందుకు ఏమైందో ఆ భుజానికి గుర్తుంది. కేసు కాగితాలు చదివిన జడ్జీగారికీ తెలుసు, అందుకే ఎవర్నీ కదలనివ్వకుండా చెయ్యెత్తాడు.

"లేదురా," అన్నాడు ఆరోగ్యస్వామి. "మోగలేదు."

ఇన్నయ్య ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు. చూపు ఆయన మొహం మీదనుంచి భుజం మీదికి, అక్కణ్ణించి నేల మీదికి వచ్చింది.

"సరే బాబాయ్," అన్నాడు. మళ్ళీ జడ్జీ వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కలం పెట్టేసిన అధికారి దాన్ని మళ్ళీ తీసుకున్నాడు. జడ్జీ ఆరోగ్యస్వామిని లోపలికి పిలిచి, మీరు ఇతనికేమవుతారని అడిగాడు.

"ఏమీ కాను దొరా. ఒకే వీధి. ఇతను కొట్టింది నన్నే."

"మళ్ళీ మీ మీదికొస్తే?"

"అప్పుడు ఊరంతా అబద్ధమాడారు దొరా, ఈసారి ఆడరు. ఆడితే వాడి సంగతి తర్వాత, వాళ్ళ సంగతి నేను చూస్తా." బల్ల దగ్గరికి వచ్చి, "ఏడ సంతకం పెట్టాలో చూపించండి. ఎడంచేత్తో పెడతా, వంకరగా ఉంటది, ఏమనుకోవద్దు," అన్నాడు.

సర్కారు ఉత్తర్వు రావడానికి నెలలు పట్టింది. సర్కారు గదా. వచ్చిన రోజున మీరా సాహెబు గేటు దాకా వచ్చి, "ఒరేయ్, తోటెవడు తవ్వుతాడ్రా ఇక?" అని తిట్టి, కళ్ళు తుడుచుకున్నాడు.

మరుసటి ఏడు ఈస్టరుకి జయరాజు పేట వచ్చాడు. పండగ మర్నాడు, మాత్రలు సరిగా వేసుకుంటున్నాడో లేదో చూసొస్తానని అమ్మకి చెప్పి మళ్ళీ ఆ రైలెక్కాడు.

"పండక్కి ముందు గంట ఆగినన్నాళ్ళూ కష్టమైంది," అని ఫిలోమినా చెప్పింది. "చానాసార్లు అడిగాడు. వీధిలో పిల్లకాయల కాణ్ణించి గురవయ్య తాత దాకా అందరూ మోగలా, మోగలా, మోగలా. పాపం తాతకి నోరు తిరగలా. ముప్పై ఏళ్ళ అలవాటు గదా, మెత్తగా చెప్పటం."

మాట్లాడుతుండగానే ఆరోగ్యస్వామి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "ఒరేయ్ ఇన్నయ్యా, గుడి కాడికి రా. డాక్టరయ్యా, నువ్వూ రా. బాప్టిస్టులకేం అంటదులే."

గంట స్తంభం దగ్గర జనం అప్పటికే చేరి ఉన్నారు. ఆరోగ్యస్వామి తాడు విప్పి ఇన్నయ్య చేతికిచ్చాడు.

"నాకు ఈ కుడిచెయ్యి లేవదు. నువ్వే లాగు. మెల్లగా, ఒక్కో దెబ్బా ఆపి ఆపి. మీ అమ్మకి."

ఇన్నయ్య తాడు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత రాళ్ళు మోసిన ఆ చేతులతో లాగాడు. గంట ఊగి, ఒక దెబ్బ కొట్టింది. ఆ చప్పుడు నాపరాళ్ళ గోడల మీదుగా మిరపచేల దాకా పోయింది. ఆడవాళ్ళు ముసుగులు కప్పుకున్నారు. గురవయ్య తలకి చుట్టుకున్న కండువా తీశాడు. ఇన్నయ్య తాడు పట్టుకునే ఉండి, తల ఎడమ పక్కకి వంచి, భయంభయంగా వెనక్కి తిరిగాడు.

"బాబాయ్, మోగిందా?"

"ఒరేయ్," అన్నాడు ఆరోగ్యస్వామి, "నువ్వే గదరా లాగింది!"

ముందు ఫిలోమినా నవ్వింది. తర్వాత గుడి ముందున్న అందరూ నవ్వారు. ఇన్నయ్య కూడా నవ్వాడు, ఏడుస్తూనే. రెండో దెబ్బకి ఎవర్నీ అడగలేదు.

కథ ఇంతే. మీ వీధిలోనూ ఎవరో ఒకరుంటారు, ‘కాదు’ అని ముఖం మీదే చెప్పి, ఆ తర్వాత కూడా మీ పక్కన నిలబడ్డవాళ్ళు. ఆసుపత్రి నుంచో జైలు నుంచో తిరిగొచ్చిన మనిషికి మీ ఊళ్ళో ఎవరైనా తలుపు తీసి ఉంటారు, లేదా తియ్యలేక తర్వాత బాధపడి ఉంటారు. అది మీ నాయనమ్మ చెప్పిందైనా, మీ కళ్ళతో చూసిందైనా నాకు రాయండి. బాగా రాయడం రాదని ఊరుకోకండి. ఆరోగ్యస్వామి సంతకం కూడా వంకరే.